తుపానుకంటె ముందు నడిచిన లెక్క

కార్తిక మాసము వచ్చినదనిన మన గోదావరి మండలములలో రైతు చూపు రెండు దిక్కులకు పోవును. ఒకటి చేనివైపు, రెండవది సముద్రమువైపు. సార్వా వరి పాలుపోసికొని, గింజ గట్టిపడి, బంగారు వన్నెకు తిరుగుచుండును. సరిగా ఆ తరుణముననే బంగాళాఖాతమున వాయుగుండములు పుట్టుచుండును. ఆ దినములలో ఇంటిలోని వారందరును రేడియో చుట్టు చేరుదురు. ‘రాగల ఇరువదినాలుగు గంటలలో’ అను మాట వినబడగానే వంటింటిలోని గిన్నెల చప్పుడు సైతము ఆగిపోవును.

ఆ మాటను చదువు భాగ్యమో బాధ్యతయో మా వృత్తిలో మాకు కలిగినది. చేతికి వచ్చిన కాగితమును చూచి చదువుదుము. కాని ఆ కాగితముపై వ్రాయబడిన సంఖ్యలు, అనగా గాలి వేగము, తీరము దాటు చోటు, దాటు వేళ, ఎక్కడ పుట్టినవి? ఎవరు లెక్కించిరి? తుపాను నడచుచుండగా ఆ లెక్క దానికంటె ముందు ఎట్లు నడువగలిగెను? ఈ ప్రశ్నలకు సమాధానము ఒక శతాబ్దపు చరిత్ర. ఆ చరిత్రలో పెద్ద పెద్ద యంత్రములు కలవు. కాని యంత్రములకంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. ఒకే పనిని లక్షసార్లు చేయవలసి వచ్చినపుడు, అందులో ఏది దేనికొరకు వేచియుండవలెనో, ఏది వేచియుండనక్కరలేదో గుర్తించు వివేకము అది. ఈ ప్రసంగములో మేము చెప్పదలచినది ఆ వివేకపు కథ.

మన తీరమునకు తుపాను కొత్త చుట్టము కాదు. కాకినాడకు సమీపమున ఉన్న కోరంగి ఒకప్పుడు నౌకలతో కళకళలాడిన రేవు. 1789లోను, మరల 1839 నవంబరులోను వచ్చిన ఉప్పెనలు దానిని ఛిన్నాభిన్నము చేసినవి. కలకత్తాలో ఉండి బంగాళాఖాతపు తుపానులను పరిశీలించిన హెన్రీ పిడింగ్టన్, 1848లో తాను ప్రకటించిన నావికుల గ్రంథములో, ఈ సుడిగాలులకు ‘సైక్లోన్’ అను పేరును వాడెను. ఈనాడు ప్రపంచమంతయు వాడు ఆ మాట మన సముద్రపు గాలిని చూచి పుట్టినదే. 1977 నవంబరు 19న దివిసీమలో ఉప్పెన పది వేలమందికి పైగా ప్రాణములను హరించెను. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి కాకినాడకు దక్షిణముగా తీరము దాటిన తుపాను కోనసీమను నేలమట్టము చేసెను. ఆ ఒక్క రాత్రితో వెయ్యిమందికి పైగా మరణించిరి.

ఆ 1996 నాటికి మేము పాఠశాల విద్యార్థులము. సాయంకాలమునకే కరెంటు పోయినది. గాలి గోడలను తోయుచున్నట్లుండెను. తెల్లవారి చూచితిమి గదా, నిన్నటివరకు ఆకాశమును కప్పిన కొబ్బరితోటలు మొవ్వలు విరిగి, మోడులై నిలిచియున్నవి. మా పెదనాన్నగారు అరుగుపై కూర్చుండి, “గాలి వచ్చునని చెప్పినారు గాని, ఇంత గాలి యని గాని, ఇక్కడికే యని గాని ఎవరును చెప్పలేకపోయిరి గదరా,” అని మాత్రము అనిరి. అది నిష్ఠూరము కాదు. అది ఒక ప్రశ్న. ఆ ప్రశ్నయే తరువాతి కాలమున ఈ విషయమును తెలిసికొనవలెనను కుతూహలమును మాలో కలిగించెను.

వాతావరణమును గణితముచే ముందుగా తెలిసికొనవచ్చునను ఊహ ఇరువదవ శతాబ్దపు ప్రారంభమునాటిది. దానిని మొదట చేతితో లెక్కించి చూచిన సాహసి లూయీ ఫ్రై రిచర్డ్‌సన్ అను ఆంగ్లేయుడు. ఇతడు యుద్ధమును అంగీకరింపని క్వేకరు మతస్థుడు. మొదటి ప్రపంచ సంగ్రామమున ఫ్రాన్సులో గాయపడినవారిని మోయు బండిని నడుపుచు, విరామ సమయములలో ఈ లెక్కను చేసెను. ఐరోపా పటముపై గళ్లు గీసి, ప్రతి గడికి గాలి, పీడనము, తేమ మొదలగువాని విలువలు వ్రాసికొని, 1910 మే 20వ తేదీన ఆరు గంటలలో ఏమి మార్పు జరిగియుండునో లెక్క కట్టెను. ఆరు గంటల మార్పును కనుగొనుటకు ఆరు వారములు పట్టెను. వచ్చిన సమాధానమును పూర్తిగా తప్పు. ఐనను ఆయన నిరాశపడక, 1922లో ఆ తప్పుతో సహా అంతయు ఒక గ్రంథముగా ప్రకటించెను.

ఆ గ్రంథములో ఒక చిత్రమైన కల్పన కలదు. ఒక బ్రహ్మాండమైన మందిరము. దాని గోడలపై భూగోళ పటము. ఆ పటములోని ఒక్కొక్క భాగము ముందు కూర్చుండి లెక్కలు చేయు మనుష్యులు, మొత్తము 64,000 మంది. ప్రతివాడును తన గడి లెక్కను తాను చేసికొని, ప్రక్కవానికి కనబడునట్లు ఫలితమును చూపును. మధ్యన ఎత్తైన పీఠముపై ఒక నిర్వాహకుడు నిలిచి, తొందరపడి ముందుకు పోవువారిపై గులాబి వెలుగును, వెనుకబడినవారిపై నీలి వెలుగును ప్రసరింపజేయును. భజనలో తాళము తప్పినవారిని గురువు కనుసన్నతో సరిదిద్దునట్లన్నమాట. కంప్యూటరు అను యంత్రము పుట్టకమునుపే, అనేక కంప్యూటరులు ఒక్కసారిగా పనిచేయు విధానమును రిచర్డ్‌సన్ ఊహించెను. అంతేకాదు, అందులోని అసలు చిక్కునుకూడ ఆయన చూచెను. పని పంచుట సులభము. పంచిన పనిని ఒక తాళమునకు తెచ్చుట కష్టము.

యంత్రము వచ్చుటకు మరి 28 సంవత్సరములు పట్టెను. 1950లో అమెరికాలో జూల్ చార్నీ, ఫ్యోర్టాఫ్ట్, ఫాన్ నాయ్‌మన్ అను శాస్త్రజ్ఞులు ఎనియాక్ అను కంప్యూటరుపై మొదటిసారి వాతావరణ గణితమును నడిపిరి. ఇరువదినాలుగు గంటల తరువాతి స్థితిని తెలిసికొనుటకు ఆ యంత్రము సుమారు ఇరువదినాలుగు గంటలు పనిచేసెను. అనగా రేపటి వార్త రేపటికే అందెను. పందెములో తుపానుతో సరిసమానముగా పరుగెత్తుట వరకు వచ్చినది. దానిని దాటవలెను.

ఇక్కడ ఆ లెక్క స్వరూపమును కొంచెము తెలిసికొనవలెను. కల్లములో వంద బస్తాల ధాన్యమును తూచవలెననుకొందము. బస్తాను ఎత్తి కాటాపై ఉంచుట, బరువు చూచుట, చిట్టాలో వ్రాయుట, దించుట, మరల రెండవ బస్తాను ఎత్తుట. పని ఒక్కటే, మారునది బస్తా మాత్రమే. కంప్యూటరునకు ఇచ్చు ఆజ్ఞలలో ఇట్టి ఆవృత్తిని ‘లూపు’ అందురు. 1957లో జాన్ బాకస్ నాయకత్వమున ఐ.బి.యం. సంస్థవారు వెలువరించిన ఫోర్‌ట్రాన్ అను భాషలో దీనికి ‘డూ’ అను ఒక చిన్న మాటను ఏర్పరచిరి. ‘ఒకటి మొదలు నూరు వరకు ఇట్లు చేయుము’ అని దాని తాత్పర్యము. వాతావరణ గణితమంతయు ఇట్టి లూపులలో లూపులు, వానిలో మరల లూపులు. ప్రతి గడికి, ప్రతి ఎత్తుకు, ప్రతి పది నిమిషములకు, అదే లెక్క. యంత్రము చేయు కాలములో అధిక భాగము ఈ ఆవృత్తులలోనే గడచును. కావున లూపును తొందరపెట్టిన లెక్క అంతయు తొందరపడును.

వంద బస్తాలకు పది కాటాలు పెట్టినచో పని పదవవంతు కాలములో ముగియును గదా? ముగియును. ఒక బస్తా బరువు మరియొక బస్తా బరువుపై ఆధారపడి లేదు. కాని చిట్టాలో ప్రతి బస్తా తరువాత ‘ఇంతవరకు మొత్తము’ అని వ్రాయు వాడుక ఉన్నచో చిక్కు వచ్చును. ఏబదవ బస్తా దగ్గర మొత్తము వ్రాయుటకు నలుబదితొమ్మిదవ బస్తా మొత్తము తెలియవలెను. పది కాటాలవారును ఒకే చిట్టా కొరకు పెనుగులాడుదురు. ఇద్దరొకే పంక్తిపై వ్రాసి లెక్క తారుమారు చేయుటయు కలదు. ఉపాయమేమనిన, ప్రతి కాటావాడును తన పది బస్తాల మొత్తమును తాను విడిగా వేసికొని, తుదకు ఆ పది మొత్తములను మాత్రము కలిపిన చాలును. పని మారలేదు, ఫలితము మారలేదు. పని వరుస మాత్రము మారినది. లూపులను వేగవంతము చేయు శాస్త్రమునకు ఇదియే బీజము.

వాతావరణపు లెక్కలో ఈ చిక్కు మరియొక రూపమున ఎదురగును. కాకినాడ గడిలో పది నిమిషముల తరువాత పీడనమెంతయో తెలియుటకు, చుట్టునున్న తుని, యానాము, రాజమహేంద్రవరము గడుల ఇప్పటి విలువలు కావలెను. పాత విలువలు ఒక చిట్టాలో, కొత్త విలువలు వేరొక చిట్టాలో వ్రాసినచో, అన్ని గడులను ఒక్కసారిగా లెక్కింపవచ్చును. పాత చిట్టాను ఎందరైనను చూడవచ్చును; కొత్త చిట్టాలో ఎవరి గడి వారిదే. అట్లుకాక ఒకే చిట్టాలో పాత విలువను కొట్టివేసి కొత్తది వ్రాయుచు పోయినచో, తుని పూర్తియైన గాని కాకినాడకు వీలుపడదు. మొదటి పద్ధతికి స్థలము హెచ్చు కావలెను. రెండవ పద్ధతికి కాలము హెచ్చు కావలెను. కొన్ని గణితములకు ఆ రెండవ పద్ధతియే అవసరమగును. అప్పుడేమి చేయవలెను?

ఈ ప్రశ్నకు అందమైన సమాధానము 1974లో వచ్చెను. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున డేనియల్ స్లాట్నిక్ అను ఆయన ఇలియాక్-4 అను మహాయంత్రమును రూపొందించెను. దానిలో 64 గణక భాగములు ఒకే ఆజ్ఞకు కట్టుబడి ఒక్కసారిగా పనిచేయును. మొదట తలపెట్టినవి 256, సాధ్యమైనవి 64. ఆ యంత్రము 1972లో కాలిఫోర్నియాలోని నాసా వారి ఏమ్స్ కేంద్రమునకు చేరెను. చేయి ఎంత పెద్దదైనను దానికి పని అందించు విధము తెలియవలెను గదా. ఫోర్‌ట్రాన్‌లో ఒకదాని తరువాత ఒకటిగా వ్రాయబడిన లూపులను ఇట్టి యంత్రమునకు తగినట్లు మార్చుటెట్లు? దీనిని గూర్చి లెస్లీ లాంపోర్ట్ అను యువ గణితజ్ఞుడు డూ లూపుల సమకాలిక నిర్వహణమను పేరిట ఒక వ్యాసమును ప్రకటించెను.

లాంపోర్ట్ చూచినది మన డెల్టా రైతు దినదినము చూచునదే. వాలుగా ఉన్న పొలములో పదేసి మళ్లు చొప్పున పది వరుసలు, మొత్తము నూరు మళ్లు ఉన్నవనుకొందము. ప్రతి మడికిని పైనున్న మడినుండి కొంత, పడమటి మడినుండి కొంత నీరు రావలెను. ఆ రెండును నిండిన గాని ఇది నిండదు. మొదట వాయవ్యపు మూల మడి నిండును. పిదప దాని తూర్పుదియు, దిగువదియు రెండును ఒక్కసారి నిండును. ఆ పిదప మూడు, ఆపై నాలుగు. నీరు ఏటవాలు వరుసగా పొలమున సాగిపోవును. ఒక ఏటవాలు వరుసలోని మళ్లకు పరస్పరము అప్పు లేదు. ఒక్కొక్క మడిని వరుసగా నింపిన నూరు తడవలు పట్టవలసిన పని, ఈ విధముగా 19 తడవలలో ముగియును. లూపులోని వరుసను అడ్డముగా, నిలువుగా చూచుట మాని ఏటవాలుగా చూచిన, వేచియుండు పనిలోనే వేచియుండనక్కరలేని పని బయటపడును. లాంపోర్ట్ దానిని ఏ పొలమునకైనను వర్తించు గణిత సూత్రముగా మార్చెను.

ఇంతలో 1976లో సీమోర్ క్రే తన పేరిటనే క్రే-1 అను యంత్రమును విడుదల చేసెను. అది ఒకే ఆజ్ఞతో 64 సంఖ్యల వరుసను, మట్టి తట్టలను చేతికి చేయి అందించుకొను కూలీలవలె, ఎడతెగక నడిపించును. కాని లూపు అందుకు అనుకూలముగా ఉన్నదా లేదా అని ఎవరు చూడవలెను? శాస్త్రజ్ఞుడు వ్రాసిన ఆజ్ఞలను యంత్రభాషలోనికి మార్చు కంపైలరు అను కార్యక్రమమే చూడవలెను. ఇల్లినాయ్‌లో డేవిడ్ కుక్, ఆయన శిష్యులు 1970ల దశకమున ఈ కృషికి పూనుకొనిరి. వారిలో ఉత్పల్ బెనర్జీ అను వంగదేశీయుడు కలడు. రెండు ఆజ్ఞలు ఎన్నడైనను ఒకే గడిని తాకునా తాకవా అని అసమీకరణముల సాయమున తేల్చు విధానమును ఈయన ఏర్పరచెను. ఈనాటికిని అది బెనర్జీ పరీక్ష యని వ్యవహరింపబడుచున్నది. తాకవని తేలిన లూపును విడగొట్టవచ్చును. తేలనిచో కంపైలరు సాహసింపక పాత వరుసలోనే నడుపును. తప్పు లెక్కను తొందరగా చేయుటకంటె సరియైన లెక్కను నిదానముగా చేయుట మేలు గదా. ఆ శాస్త్రమున వేగమునకు పైన సత్యము కూర్చున్నది.

కాలక్రమమున మరియొక సత్యము బయటపడెను. యంత్రము లెక్కించు వేగము పెరిగినంతగా, జ్ఞాపకశాలనుండి సంఖ్యలను తెచ్చుకొను వేగము పెరుగలేదు. మన వరినాట్లను చూడుడు. నారుమడి ఎక్కడో గట్టుకు ఆవల ఉండును. నాటు వేయు స్త్రీలు ప్రతి మొక్కకు నారుమడికి పోయి రారు. ముందుగనే నారు పీకి, కట్టలు కట్టి, చేనిలో అక్కడక్కడ వేసియుంతురు. చేతికి అందు కట్టను తీసికొని, తాము నిలిచిన మేర అంతయు నాటి, పిదప వెనుకకు జరుగుదురు. లూపులను ఈ విధముగా చిన్నచిన్న తునకలుగా కోసి, ఒక తునకకు కావలసిన సంఖ్యలను చేరువన ఉన్న చిన్న జ్ఞాపకశాలలోనికి ఒక్కసారి తెచ్చి, వానితో చేయదగిన పనియంతయు ముగించి, తరువాతి తునకకు పోవుట ఒక గొప్ప ఉపాయమైనది. అట్లే ఫోర్‌ట్రాన్ భాష పట్టికలను నిలువు వరుసలుగా దాచును. అడ్డముగా నడచు లూపు ప్రతి అడుగునకు గంతు వేయవలసివచ్చును. లోపలి లూపును బయటకు, బయటి లూపును లోపలకు మార్చిన మాత్రముననే పని పలురెట్లు వేగవంతమగుట కలదు. ఒక్క అక్షరమైన గణితము మారదు.

ఇక మన దేశమునకు వత్తము. మన తెలుగునాట కంప్యూటరు కథకు ఆది పురుషులలో ఒకరు మన డెల్టా బిడ్డయే. పశ్చిమ గోదావరి మండలము మోగల్లు గ్రామమున 1914లో జన్మించిన డాక్టరు అయ్యగారి సాంబశివరావుగారు 1967లో హైదరాబాదున ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్‌ను, అనగా ఇ.సి.ఐ.ఎల్.ను, స్థాపించి నడిపించిరి. ఆ సంస్థనుండి టి.డి.సి.-12 అను స్వదేశీ కంప్యూటరు 1969లో వెలువడెను. కాని వాతావరణ గణితమునకు అంతకంటె ఎన్నో రెట్లు బలిష్ఠమైన యంత్రము కావలెను. 1980ల దశకము చివర అమెరికా మనకు క్రే యంత్రమును అమ్ముటకు పలు నిబంధనలు విధించెను. మనము కోరినదానికంటె చిన్నదియైన క్రే ఎక్స్‌-ఎం.పి.-14 ఢిల్లీకి వచ్చెను. దానిని వాతావరణమునకు తప్ప వేరు పనికి వాడరాదని కట్టడి.

ఈ కట్టడి మనకు ఒక విధముగ ఉపకారమే చేసినది. ఒక్క పెద్ద యంత్రము దొరకనిచో అనేక చిన్న యంత్రములను ఒక కాడికి కట్టవలెనను సంకల్పము నాలుగైదు చోట్ల ఒక్కసారిగా మొలకెత్తెను. బెంగుళూరులోని జాతీయ వైమానిక ప్రయోగశాలలో రొద్దం నరసింహగారు అధ్యక్షులుగా ఉండగా 1986లోనే ఫ్లోసాల్వర్ అను సమాంతర యంత్రము తయారయ్యెను. పూనాలో 1988లో సి-డాక్ సంస్థ వెలసి, విజయ్ భట్కర్ గారి నాయకత్వమున 1991లో పరమ్-8000ను సిద్ధము చేసెను. హైదరాబాదులో 1988లో రక్షణశాఖవారి అనురాగ్ అను ప్రయోగశాల ఏర్పడి, విమానములపై గాలి ఒరిపిడిని లెక్కించుటకు పేస్ అను సమాంతర యంత్రమును నిర్మించెను. గాలి విమానము చుట్టు తిరిగినను, భూగోళము చుట్టు తిరిగినను, లూపుల స్వభావము ఒక్కటియే. 1990ల దశకమున వాతావరణ కేంద్రము వాడు టి-80 అను ప్రపంచ నమూనా గణితమును ఫ్లోసాల్వర్‌పై విడగొట్టి నడిపిరి. క్రే కొరకు ఒకే త్రాటిపై వ్రాసిన లూపులను విప్పి, ఏది దేనికి అప్పుపడియున్నదో చూచి, మరల అల్లవలసివచ్చెను. ఆ పని చేసిన వారిలో పలువురు ఇరువదియేండ్ల యువకులు. వారి పేర్లు ఏ శిలాఫలకములపైనను లేవు.

టి-80 నమూనా భూగోళమును అడ్డముగా 256, నిలువుగా 128 గళ్లుగా, ఎత్తులో 18 అంతస్తులుగా విభజించును. లెక్కించిన సుమారు 5,90,000 బిందువులు. ఒక గడి వెడల్పు రమారమి 150 కిలోమీటర్లు. మన కోనసీమ యావత్తును ఒక గడిలో వేసి, మరల చోటు మిగులును. చేపలు పట్టువారికి ఈ విషయము తేటపడును. వల కన్ను పెద్దదైన చిన్న చేప జారిపోవును. 1996 నాటి తుపాను కేంద్రభాగము ఆ కన్నుకంటె మిక్కిలి చిన్నది. అట్టి వలతో దానిని పట్టుట కాని పని. ఆనాడు హెచ్చరికలు ప్రధానముగా ఉపగ్రహ చిత్రములపైనను, తీరపు రాడారులపైనను, అనుభవజ్ఞుల దృష్టిపైనను ఆధారపడియుండెను. మా పెదనాన్నగారి ప్రశ్నకు సమాధానము, దోషము ఒకరిది కాదు, వల కన్నుది.

మరి కన్నును చిన్నది చేయవచ్చును గదా యందురు. గడి వెడల్పును సగము చేసిన గళ్లు నాలుగింతలగును. కాలపు అడుగునుకూడ సగము చేయవలెను. కావున పని ఎనిమిదింతలగును. అంత పనియు తుపాను వచ్చుటకు ముందే ముగియవలెను. కేవలము ఎనిమిదింతల యంత్రభాగములు కొనిన చాలదా? చాలదు. ఇక్కడ 1967లో జీన్ ఆమ్‌డాల్ చెప్పిన ఒక కఠినమైన మాట గుర్తుకు వచ్చును. కోటిపల్లి రేవున నూరుమంది ఏరు దాటవలెను. పడవలు పది ఉన్నవి, వంద ఉన్నవి. కాని రేవులోనికి దిగు మెట్టు ఒక్కటే ఐనచో, ఎన్ని పడవలుండియు ప్రయోజనమేమి? నూరు నిమిషముల పనిలో పది నిమిషములు విడగొట్టరానివైన, వేయి యంత్రములు పెట్టినను పది నిమిషములకు లోపల పని ముగియదు. కావున లూపులను విప్పు శాస్త్రము యంత్రములు పెరుగుకొలది అనవసరమగుట లేదు, మరింత అవసరమగుచున్నది.

ఈ విప్పు పనిని మనుష్యుడు చేతితో చేయుట నానాటికి దుర్భరమయ్యెను. 1990ల ప్రారంభమున ఫ్రాన్సు దేశీయుడు పాల్ ఫోత్రియే, లూపులోని పనులన్నిటిని ఒక బహుముఖ ఘనరూపములోని బిందువులుగా భావించి, వానిని ఏ దిశనుండి కోసిన తక్కువ కాలము పట్టునో గణితముచే తేల్చు మార్గమును చూపెను. లాంపోర్ట్ గారి ఏటవాలు పొలమును ఎన్ని దిశలకైనను విస్తరించిన పద్ధతి యిది. దీనిని సాధారణ కార్యక్రమములకు సైతము ఉపయోగించునట్లు ప్లూటో అను సాధనముగా 2008లో వెలువరించినవారిలో ప్రముఖుడు తెలుగు పేరుగల యువకుడు, ఉదయకుమార్ రెడ్డి బొందుగుల. అమెరికాలోని ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయమున ఆ పరిశోధన చేసి, పిదప బెంగుళూరు విజ్ఞాన సంస్థలో ఆచార్యుడయ్యెను. మన వాతావరణ నమూనాలను ఈ సాధనముతోనే నడుపుచున్నారని మేము చెప్పుట లేదు. పనిని ముక్కలు చేయుట, చేరువ సంఖ్యలను చేరువనే వాడుకొనుట అను రెంటిని ఒక్కసారి సాధించు వరుసను యంత్రమే స్వయముగా వెదకికొనవచ్చునని అది నిరూపించెను.

ఈ సుదీర్ఘ కృషి ఫలితము మన తీరమునకు అందినది. 2018 జనవరిలో పూనాలో ప్రత్యూష్, నోయిడాలో మిహిర్ అను మహాయంత్రములు నెలకొనెను. ఆ యేడే ప్రపంచ నమూనా గడి 12 కిలోమీటర్లకు దిగెను. 2024 సెప్టెంబరులో అర్క, అరుణిక వచ్చినవి. వానిలో అర్క ఒక్కటియే సెకనుకు 11.77 పెటాఫ్లాపులు, అనగా సుమారు 117 కోట్ల కోట్ల లెక్కలు చేయగల శక్తి గలది. 2025 మే నెలలో ప్రకటింపబడిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ గడి వెడల్పు 6 కిలోమీటర్లు. నూటయేబది కిలోమీటర్ల వల కన్ను ఆరు కిలోమీటర్లకు వచ్చినది. ఇప్పుడు కోనసీమ ఒక గడిలో మూల కాదు. దానికి తనవైన గళ్లు కలవు.

దీని విలువను ప్రాణములతో కొలువవలెను. 1999లో ఒడిషాను ముంచిన మహాతుపానుకు సుమారు పది వేలమంది బలియైరి. 2013 అక్టోబరు 12న గోపాలపురము వద్ద ఫైలిన్ మిక్కిలి తీవ్రముగ వచ్చినను, సుమారు పది లక్షలమందిని ముందుగా తరలించుటచే మరణములు ఏబదికి మించలేదు. 2018 డిసెంబరు 17న పెథాయ్ మన కాట్రేనికోన సమీపమున తీరము దాటినపుడు, దాని దారి కొన్ని దినముల ముందే తెలిసి, లంక గ్రామములవారిని తరలించుటకు అవకాశము దొరకెను. ఇందు ఉపగ్రహముల పాలు, రాడారుల పాలు, అధికారుల పాలు ఎంతయో కలదు. ఆ పాళ్లన్నిటి నడుమ, కంటికి కనబడక, లూపుల వరుసను మార్చిన గణితజ్ఞుల పాలు కూడ ఒకటి కలదు.

తుదకు ఒక్క మాట. ఆమ్‌డాల్ చెప్పిన ఒంటి మెట్టు యంత్రములో మాత్రమే లేదు. లెక్క ముగిసిన పిదప ఆ సంఖ్య ఒక ఊరికి, ఒక ఇంటికి, ఒక ముసలమ్మకు అర్థమగు మాటగా చేరవలెను. ఆమె పశువుల పలుపులు విప్పి, బియ్యపు మూటను నెత్తిన పెట్టుకొని, తుపాను రక్షణ భవనమునకు నడచి పోవలెను. ఈ భాగమును వేయి యంత్రములు పంచుకొనలేవు. దీనిని ఎవరి పని వారే చేయవలెను. మా వంతు, కాగితమును స్పష్టముగా, ఆలస్యము లేక చదువుట. మీ వంతు, విన్న దానిని ప్రక్క ఇంటికి చెప్పుట, పొమ్మన్న వేళ పోవుట.

1922లో రిచర్డ్‌సన్ ఊహించిన మందిరములో 64,000 మంది కూర్చుండిరి. ఈనాటి మందిరమున సంఖ్యకు మితి లేదు. అందులో తుది వరుస ఆసనములు మన వాకిళ్లలోనే వేయబడియున్నవి. ఈ కార్తికమున రేడియో దగ్గర కూర్చుండు వేళ, నీలి వెలుగు మనపై పడకుండ చూచుకొందము గాక.